పన్నెండు మంది, తప్పులు సున్నా

ఆ రోజు పొద్దున డిజైనరు వేసుకున్న ప్రణాళికలో అయిదే పనులున్నాయి. ఏడింటికల్లా తయారవడం, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకోవడం, పదింటికి ఆసుపత్రి లాండ్రీకి చేరుకోవడం, తను తయారుచేసిన తెర ఎలా పనిచేస్తుందో అక్కడి సూపరింటెండెంటుకు చూపించడం, సాయంత్రానికి పర్మనెంటు ఉద్యోగిగా ఇంటికి రావడం. చివరి పని తన చేతిలో లేదని అతనికి తెలుసు. అయినా కాగితం మీద రాసుకున్నాడు.

ఆరు నెలల ప్రొబేషను ఆ రోజుతో సరి. "లాండ్రీవాళ్ళు ఒప్పుకున్నారా, నువ్వు మాతోనే ఉంటావు," అని మేనేజరు ముందురోజే చెప్పాడు. "ఒప్పుకోలేదనుకో, నీలాంటి కుర్రాడికి బయట బోలెడు అవకాశాలు." ఆ రెండో మాటను డిజైనరు ఇంట్లో చెప్పలేదు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. నాన్న తాపీ మేస్త్రీ, అమ్మ స్కూల్లో ఆయా. ఎండలో నిలబడకుండా, ఏ బరువూ మోయకుండా కూడా ఉద్యోగం చెయ్యొచ్చని ఆ ఇంటికి తెలిసింది అతని వల్లే. పైగా కొడుకు పర్మనెంటు అయిపోయాడని అమ్మ వారం కిందటే వీధి వీధంతా చెప్పి వచ్చేసింది.

"ఇంకా కాలేదమ్మా," అన్నాడు అతను టీ గ్లాసు అందుకుంటూ.

"తెలుసులే. నువ్వు సాయంత్రం అవుతావు, నేను కాస్త ముందు చెప్పాను. అంతేగా తేడా," అంది అమ్మ.

ఆ లాండ్రీలో గదంతేసి మిషన్లు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఒక్క వాయికి అరవై దుప్పట్లు మింగుతుంది. ఇన్నాళ్ళూ ఒక్కో మిషనుకు పద్నాలుగు మీటలుండేవి. ఏ మీట దేనికో తెలియాలంటే సూపరింటెండెంటు గోడ మీద సుద్దతో రాసిపెట్టిన పట్టికే దిక్కు. ఇప్పుడా మీటల స్థానంలో, డిజైనరు కంపెనీ పరీక్షకని బిగించిన, వేలితో తాకితే పనిచేసే తెరలు వచ్చాయి. ఆ తెర మీద ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించడం డిజైనరు పని.

ఆ పని అతను శ్రద్ధగానే చేశాడు. వారం రోజులు హాల్లో ఒక మూల స్టూలు మీద కూర్చుని చూశాడు. పనివాళ్ళ చేతులకు తడి రబ్బరు తొడుగులుంటాయని గమనించి బటన్లను అరచెయ్యంత చేశాడు. ఆవిరికి అద్దాలు మసకబారతాయని అక్షరాలను లావు చేశాడు. "ప్రక్రియను ఎంపిక చేయుము" అని మేనేజరు రాసిచ్చిన వాక్యాన్ని "ఏం ఉతకాలి?" అని మార్చాడు. మొత్తం ఎనిమిది బటన్లు. పై వరసలో దుప్పట్లు, తువ్వాళ్ళు, గౌన్లు, కోట్లు. కింది వరసలో మొదలు, ఆపు, మళ్ళీ, తలుపు. "మళ్ళీ" నొక్కితే మిషను అదే బట్టల్ని ఇంకో వాయి ఉతుకుతుంది.

అంతటితో ఊరుకుని ఉంటే అతని పట్టికలోని అయిదు పనులూ వరసగా జరిగిపోయేవి. కానీ టీ చల్లారేలోగా చివరిసారి ఒకసారి చూసుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాడు. చూస్తే "మొదలు" పక్కనే "ఆపు" కనిపించింది. ఒకదానికి బదులు ఇంకోటి నొక్కితే ప్రమాదం తెచ్చే బటన్లు పక్కపక్కన ఉండకూడదని అతను చదువుకున్న ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఇన్నాళ్ళూ ఇది తన కంటికి ఎలా ఆనలేదో అతనికి అర్థం కాలేదు. "ఆపు"ను ఎర్రగా చేసి, కుడివైపు పై మూలకు ఒంటరిగా పంపేశాడు. ఖాళీ అయిన చోటికి "మళ్ళీ"ని జరిపాడు. చెయ్యి ఆడుతోంది కదా అని పై వరసను కూడా అకారాది క్రమంలో పెట్టాడు: కోట్లు, గౌన్లు, తువ్వాళ్ళు, దుప్పట్లు. చదవడం వచ్చిన మనిషెవరూ ఇక తడుముకోనక్కర్లేదు. ఏడున్నరకు ఒక్క నొక్కు నొక్కాడు. లాండ్రీలోని నాలుగు తెరలూ మారిపోయాయి. అతను తృప్తిగా చల్లారిన టీ తాగాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. అది అతని పెద్దమ్మకు తెలుసు.

పెద్దమ్మ ఆ లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. దుప్పట్ల విభాగం ఆమెదే. మూడు నెలల కిందట డిజైనరు మొదటిసారి టాబ్లెట్ పట్టుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, "పెద్దమ్మా, తువ్వాళ్ళు ఉతకాలనుకో. ఏది నొక్కుతావు?" అని అడిగాడు. కంగారులో ఆమె గౌన్లు నొక్కింది. అతను నోటు పుస్తకంలో "తప్పు: 1" అని రాసుకున్నాడు. ఆమె ముఖం చూసి, "తప్పు నీది కాదు పెద్దమ్మా, తెరది," అని నచ్చజెప్పాడు కూడా. ఆ మాట ఆమెను ఊరడించాలి. జరిగింది వేరు. తెర చేసింది పిల్లాడు. తప్పు తెరదంటే తప్పు పిల్లాడి లెక్కలో పడుతుంది. లెక్క నిండితే ఉద్యోగం పోతుంది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు భోజనాల వేళ ఆమె ఇస్త్రీ బల్ల మీద చాక్‌పీసుతో ఎనిమిది గళ్ళు గీసి పదకొండు మందిని కూర్చోబెట్టింది. "పైన మొదటిది దుప్పట్లు, చివరిది కోట్లు. కింద మొదటిది మొదలు, పక్కది ఆపు. అనండి," అంది. అందరూ అన్నారు. వారం తిరిగేసరికి చూడకుండా నొక్కడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పందేలు వేసుకున్నారు. అందరికంటే వేగం కోట్ల బాబాయ్‌ది. డాక్టర్ల కోట్లు ఉతికే ఆ యాభై ఆరేళ్ళ మనిషి కిటికీలోంచి వీధిని చూస్తూ ఎనిమిదింటినీ వరసగా నొక్కేసేవాడు.

అలా డిజైనరు వచ్చి ఒక్కొక్కరినీ పరీక్షించినప్పుడు ఎవరి వేలూ తడబడలేదు. అతను నమ్మలేకపోయాడు. మేనేజరు మాత్రం వెంటనే నమ్మాడు. నివేదిక మొదటి పేజీలో ఆకుపచ్చ అక్షరాలతో "పన్నెండు మంది, తప్పులు సున్నా" అని వేయించాడు. ఈ వ్యవహారమేదీ తెలియనివాడు హాల్లో సూపరింటెండెంటు ఒక్కడే. ఆయనకు నేర్పే ధైర్యం ఎవరికీ లేదు. పైగా ఆ తెరను వేలితో కూడా తాకనని ఆయన ముందే ప్రకటించి ఉన్నాడు.

పదింటికి అందరూ హాల్లో ఉన్నారు. మేనేజరు ఇలాంటి సందర్భాల కోసమే కొనుక్కున్న మీగడ రంగు కోటు వేసుకొచ్చాడు. సూపరింటెండెంటు చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"కానివ్వండి," అన్నాడు. "మీరు తొందరగా చూపిస్తే నేను తొందరగా వద్దంటాను. ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు."

"చూశాక మీరే వదలరు సార్," అన్నాడు మేనేజరు.

పెద్దమ్మ అరవై దుప్పట్లను మొదటి మిషనులోకి తోసి తలుపు వేసింది. కొత్త చీర కట్టుకొచ్చింది. చూపు చెల్లెలి కొడుకు మీదే ఉంది, చెయ్యి దానంతటదే తెర మీదికి వెళ్ళింది. పైన మొదటిది. కింద మొదటిది. మిషను గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

"చూశారా సార్," అన్నాడు మేనేజరు గర్వంగా. "ఆవిడ తెర వైపు చూడను కూడా చూడలేదు. అంత సులువు."

డిజైనరు కూడా తెర వైపు చూడలేదు. సూపరింటెండెంటు ముఖంలో చిరునవ్వులాంటిది ఏదైనా పుడుతుందేమోనని అక్కడ చూస్తున్నాడు. అలాంటిదేదీ పుట్టలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. హాల్లో ఆవిరికి మేనేజరు మెడ చుట్టూ చెమట ధారకట్టింది. కోటు విప్పి, పక్కనే ఉన్న ట్రాలీ మీద జాగ్రత్తగా మడిచి పెట్టాడు. ఆ ట్రాలీ నిండా ముందురోజు మిగిలిపోయిన డాక్టర్ల కోట్లున్నాయి. ఆ హాల్లో రాసిపెట్టని నియమం ఒకటుంది: ట్రాలీ మీదున్నది ఏదైనా సరే, ఉతకాల్సిందే. బుట్ట మీదున్నది ఉతికింది, ట్రాలీ మీదున్నది ఉతకనిది. ఇరవై ఏళ్ళుగా ఆ నియమంలో ఎవరూ తప్పు చెయ్యలేదు. కోట్ల బాబాయ్ కూడా చెయ్యలేదు. ట్రాలీని రెండో మిషను దగ్గరికి నెట్టి, ఉన్నదంతా లోపల వేసి, కిటికీలోంచి వీధిని చూస్తూ పైన చివరిది, కింద మొదటిది నొక్కాడు. తన నైపుణ్యం సూపరింటెండెంటు కంట్లో పడాలని కొంచెం పక్కకు తప్పుకుని మరీ నొక్కాడు.

అయిదు నిమిషాలకు మొదటి మిషను ఆగింది. దుప్పట్లు ఇస్త్రీ రోలర్ల కిందికి వెళ్ళాయి. మొదటి దుప్పటి అటువైపు నుంచి బయటికొచ్చి, కింద పడకుండా, నేరుగా గాల్లోకి వచ్చేసి నిలబడింది. రోలరు దగ్గర పనిచేసే అక్క దాన్ని మడతపెట్టబోయింది. అది మడత పడలేదు. రెండో దుప్పటి వచ్చి మొదటిదానికి కొట్టుకుంది. అట్టముక్కలు కొట్టుకున్నట్టు చప్పుడైంది.

సూపరింటెండెంటు కుర్చీలోంచి లేచాడు. దుప్పటి దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.

"ఇది దుప్పటా, తలుపా?" అన్నాడు.

"ఇది కొత్త రకం ఫినిషింగు సార్," అన్నాడు మేనేజరు.

"దీనికి గంజి పట్టింది. డాక్టరు కోటుకు పట్టే గంజి. ఇది పేషెంటు మీద కప్పితే, ఆయన్ని బయటికి తియ్యడానికి మళ్ళీ ఒక మనిషి కావాలి."

 డిజైనరు మొదటి మిషను దగ్గరికి పరుగెత్తి తెర చూశాడు. "చివరగా ఉతికినవి: కోట్లు" అని ఉంది. గొంతు తగ్గించి పెద్దమ్మను పిలిచాడు.

"కోట్లు నొక్కావా పెద్దమ్మా?"

"నేనెందుకు నొక్కుతాను నాన్నా. మొదటిదే నొక్కాను."

"మొదటిదంటే ఏది?"

"మొదటిదంటే మొదటిదే. దుప్పట్లు."

"మరి దాని మీద కోట్లు అని రాసుందిగా. చదవలేదా?"

"చదవడం దేనికి, చేతికొచ్చుగా," అంది పెద్దమ్మ. అని, తెర వైపు తిరిగి, ఆ రోజు మొదటిసారి దాన్ని చదివింది.  "చిన్నా, ఇవన్నీ ఎవరు కదిపారు?"

అతను జవాబు చెప్పేలోగా మేనేజరు అరిచినంత పని చేశాడు. "ప్రోగ్రామరుతో మాట్లాడాలి. నా ఫోనేది? కోటు జేబులో ఉంది. నా కోటేది?"

"ఎక్కడ పెట్టారండీ?" అన్నాడు కోట్ల బాబాయ్.

"ఇక్కడే, ఈ ట్రాలీ మీద."

"ట్రాలీ మీద పెట్టారంటే ఉతకమనే కదండీ," అన్నాడు బాబాయ్, ఇందులో అనుమానమేముందన్నట్టు.

డిజైనరు మేనేజరు నంబరుకు ఫోన్ చేశాడు.  రెండో మిషను గాజు తలుపు వెనక, తెల్లటి నురగలో, చిన్న వెలుగొకటి గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. పైకొచ్చినప్పుడు సన్నగా మోగుతోంది, కిందికెళ్ళినప్పుడు గొంతు పూడుకుపోతోంది. నీళ్ళలో పడినా ఏమీ కాదని మేనేజరు ఆఫీసులో అందరికీ చూపించిన ఫోనది. చూపించినప్పుడు గ్లాసుడు నీళ్ళతో చూపించాడు.

తెర మీద "ఉతుకుతున్నవి: దుప్పట్లు. మరిగే నీళ్ళకు ఇంకా 3 నిమిషాలు" అని కనిపిస్తోంది.

"ఆపండి," అన్నాడు మేనేజరు.

కోట్ల బాబాయ్ చెయ్యి మెరుపులా కదిలింది. కింద, మొదలు పక్కది. మిషను ఆగలేదు. తెర మీద "మళ్ళీ: 1" అని పడింది.

"నీ వల్ల కాదు, తప్పుకో," అని రోలరు అక్క తోసుకొచ్చి గట్టిగా నొక్కింది. "మళ్ళీ: 2." ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చి, తొడుగు తడిసిందేమోనని చీర కొంగుకు తుడుచుకుని మరీ నొక్కారు. "మళ్ళీ: 4." నొక్కిన కొద్దీ మిషను ఉత్సాహంగా తిరుగుతున్నట్టు అనిపించింది.

"జరగండి, నాకు తెలుసు," అంటూ డిజైనరు ముందుకు దూకాడు. ఆ తెర తనది. పొద్దున తన వేళ్ళతో తనే మార్చాడు. "ఆపు" ఎక్కడుందో ఈ లోకంలో ఒక్క మనిషికి తెలిసి ఉండాలంటే ఆ మనిషి తనే. కానీ మూడు నెలలుగా ఆ వేలు వెళ్ళింది ఒక్క చోటికే. ఇప్పుడూ అక్కడికే వెళ్ళింది, రెండుసార్లు. "మళ్ళీ: 6."

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు?" అని మేనేజరు అతని భుజం పట్టి లాగేసి, తనే నొక్కాడు. నివేదికలో ఆ తెర బొమ్మను నలభైసార్లు చూపించిన మనిషి. ఆయన వేలు కూడా బొమ్మలో ఉన్న చోటికే వెళ్ళింది. "మళ్ళీ: 7."

"మెయిన్ స్విచ్చి ఆపేద్దామా సార్?" అన్నారెవరో.

"నాలుగో మిషనులో ఆపరేషను గౌన్లున్నాయి. మధ్యలో ఆగితే మొదటి నుంచి చెయ్యాలి," అన్నాడు సూపరింటెండెంటు. "అందరూ చేతులు తియ్యండి."

అందరూ చేతులు తీశారు. ఆయన తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. అద్దాలకు ఆవిరి పట్టింది. రుమాలు తీసి ఒక అద్దం తుడిచాడు. వెలుగుకు పట్టి చూసుకుని రెండోది తుడిచాడు. మేనేజరు ఆ రుమాలునే చూస్తున్నాడు. సూపరింటెండెంటు కళ్ళజోడు పెట్టుకుని, పైన ఎడమ మూల నుంచి పేపరు చదివినట్టు మొదలుపెట్టాడు.

"ఏం ఉతకాలి. ఊఁ. మంచి ప్రశ్నే. కోట్లు. గౌన్లు. తువ్వాళ్ళు."

"సార్, కొంచెం తొందరగా," అన్నాడు మేనేజరు.

"తొందరగా నొక్కినవాళ్ళందరినీ ఇప్పుడేగా చూశాను. దుప్పట్లు. ఇక్కడ పై మూలన ఎర్రగా ఒకటుంది. ఆపు." ఆయన వెనక్కి తిరిగాడు. "ఆపాలంటే ఇదేనా?"

 ఆయన నొక్కాడు. రెండో మిషను పెద్దగా నిట్టూర్చి ఆగింది. నీళ్ళు గళగళమని కాలవలోకి పోయాయి. తరవాత ఆయన ఇంకోసారి చదువుకుని "తలుపు" నొక్కాడు. తలుపు తెరుచుకుంది. బాబాయ్ లోపలికి చెయ్యి పెట్టి ముందు ఫోను తీశాడు. అది ఇంకా మోగుతోంది. ఎందుకంటే డిజైనరు తన ఫోన్లో పిలుపు ఆపడం మర్చిపోయాడు. ఆ తరవాత కోటు వచ్చింది. అది కోటేనని బొత్తాముల్ని బట్టి గుర్తుపట్టారు.

మేనేజరు ఫోనును తుడుచుకుని, కోటును ఒంటికి ఆనించి చూసుకుని, నెమ్మదిగా డిజైనరు వైపు తిరిగాడు.

"పన్నెండు మంది, తప్పులు సున్నా అన్నావు. వీళ్ళేనా ఆ పన్నెండు మంది?"

అంతలో పెద్దమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "వాణ్ణేమీ అనకండి బాబూ. తప్పు నాది. ముందు నేనొక్కదాన్నే తప్పు నొక్కాను, వాడు రాసుకున్నాడు. నా వల్ల వాడికి చెడ్డపేరు రాకూడదని నేనే అందరికీ బట్టీ పట్టించాను. చాక్‌పీసుతో బల్ల మీద గీసి నేర్పాను. వాడికేమీ తెలియదు."

"వాడు వాడు అంటున్నారేంటి? ఇతను మీకు ముందే తెలుసా?"

"మా చెల్లెలి కొడుకేనండీ."

 మూడు నెలలుగా పన్నెండు మంది తన కోసం ఏం చేశారో డిజైనరుకు అప్పుడు అర్థమైంది. కోపం తెచ్చుకోవాలో కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు. ఇంట్లో అమ్మ గుర్తొచ్చింది. వీధి గుర్తొచ్చింది. అయినా నీలం చొక్కా సర్దుకుని మేనేజరు ముందుకొచ్చాడు.

"సార్, ఆ నివేదిక తప్పు. వాళ్ళు నేర్చుకుని చేశారని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది నేనే. ఇంకోటి కూడా ఉంది సార్. ఈ రోజు పొద్దున బటన్లన్నీ మార్చింది కూడా నేనే. ఏడున్నరకి. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మంచికే అనుకున్నాను."

"మంచికే," అన్నాడు మేనేజరు, చేతిలోని కోటును చూస్తూ. ఆయన గొంతు సవరించుకున్నాడు. "సూపరింటెండెంటు గారూ, జరిగినదానికి మా సంస్థ తరఫున చింతిస్తున్నాం. ఈ కుర్రాణ్ణి ఈ రోజే..."

"ఉండండి," అన్నాడు సూపరింటెండెంటు. ఆయన ఇంకా తెర ముందే ఉన్నాడు. కళ్ళజోడు తియ్యలేదు. "నాకొక సంగతి అర్థం కావట్లేదు. ఆ పన్నెండు మంది మూడు నెలలు నేర్చుకున్నారు. ఆపలేకపోయారు. దీన్ని చేసిన ఈ అబ్బాయి ఆపలేకపోయాడు. దీన్ని అమ్మడానికొచ్చిన మీరూ ఆపలేకపోయారు. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నేను దీన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. మరి నాకెలా ఆగింది?"

"మీరు చదివారు సార్," అన్నాడు డిజైనరు.

"చదివాను. చదివితే అర్థమైంది." ఆయన గోడ మీది సుద్ద పట్టికను ఒకసారి చూశాడు. "అది రాసింది నేనే, ఈ మధ్య దాన్ని చదవడానికి నాకే రెండు నిమిషాలు పడుతోంది. నేను పోయాక కొత్తగా చేరేవాళ్ళు దాన్ని ఎలా చదువుతారా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. వాళ్ళు దీన్ని చదవగలరు." ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, పాత వరసే నీ చేతికి బాగుందా?"

"పొద్దున లోడు వచ్చే వరసే కదండీ అది. ముందు దుప్పట్లు, ఆ తరవాత తువ్వాళ్ళు. కోట్లు మధ్యాహ్నానికి గానీ రావు. అందుకే అంత తొందరగా అబ్బింది," అంది పెద్దమ్మ భయపడుతూనే.

డిజైనరు జేబులోంచి నోటు పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. పెద్దమ్మ ఆ పుస్తకం చూడగానే ఉలిక్కిపడింది. "ఏం రాస్తున్నావు చిన్నా? తప్పా?"

"తప్పే పెద్దమ్మా. కానీ ఈసారి నా పేరు మీదే రాసుకుంటున్నాను."

"అయితే వినండి," అన్నాడు సూపరింటెండెంటు. "పై వరస పాతదే ఉండాలి. ఈ ఎర్ర బటను మాత్రం ఇప్పుడున్న మూలనే ఉండాలి, అది నాకు దొరికింది. వీళ్ళు దాన్ని కొత్తగా నేర్చుకుంటారు, నేర్చుకోవడంలో వీళ్ళను మించినవాళ్ళు లేరని తేలిపోయింది కదా. ఆ తరవాత ఒక్క బటను కదిపినా ముందు ఈ హాల్లో చెప్పి కదపాలి. అలా చెప్పడానికి ఈ అబ్బాయి వారానికి రెండు రోజులు ఇక్కడికొచ్చి కూర్చోవాలి. ఈ అబ్బాయే. వేరే ఎవరినో పంపుతానంటే మీ తెరలు మీరు పట్టుకెళ్ళండి." ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంతకీ మీరేదో చెప్పబోయారు. ఈ కుర్రాణ్ణి ఈ రోజే, అన్నారు."

మేనేజరు ఒక్క క్షణం ఆగాడు. అంత తక్కువ సమయంలో ఒక వాక్యాన్ని మధ్యలోంచి వెనక్కి తిప్పడం అందరి వల్లా కాదు. ఆ మాత్రం చాతకాకపోతే మనిషి మేనేజరు కాడు.

"ఈ రోజే పర్మనెంటు చేస్తున్నామని మీకు చెబుదామనుకున్నాను సార్," అన్నాడు.

పెద్దమ్మ అక్కడే ట్రాలీ అంచు పట్టుకుని కూలబడబోయింది. బాబాయ్ గబుక్కున ఆమె చెయ్యి పట్టి లేపాడు. "అక్కా, ట్రాలీ మీద కూర్చోకు. నిన్నూ లోపల వేసేస్తే కష్టం," అన్నాడు. ఆ రోజు హాల్లో మొదటి నవ్వు అదే. దాన్ని ఆపడానికి చాలాసేపు పట్టింది. సూపరింటెండెంటు కూడా అటు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. డిజైనరు నవ్వలేదు. మొదటి మిషనుకు ఆనుకుని నిలబడి, పొద్దుటి నుంచి లోపలే ఉండిపోయిన గాలిని కొంచెం కొంచెంగా బయటికి వదిలాడు. అరవై దుప్పట్లనూ మళ్ళీ మిషనులో వేశారు. ఈసారి బటన్లను పెద్దమ్మే నొక్కింది, ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ.

సాయంత్రం డిజైనరు ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. వెనకాల నాన్న సిమెంటు చేతులు కడుక్కోకుండానే నిలబడ్డాడు. వాళ్ళ వెనకాల వీధిలో సగం మంది ఉన్నారు.

"అయిందా?" అంది అమ్మ.

"అయిందమ్మా."

"నేను చెప్పలేదూ," అంది అమ్మ వీధి వైపు తిరిగి. అంతసేపూ ఆమె గుప్పిట బిగించి పట్టుకున్న చీర చెంగు నలిగిపోయి ఉంది.  కొడుకు కూర్చోవడానికి నాన్న కుర్చీ లాగి, సిమెంటు అంటకుండా మోచేత్తో దాన్ని తుడిచాడు.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్‌కు నియామక పత్రం వచ్చింది. పత్రం అడుగున "అంగీకరిస్తున్నాను" అన్న బటను నొక్కాలి, ఆ రాత్రి ఎనిమిదింటి లోపల నొక్కితేనే చెల్లుతుంది. డిజైనరు పత్రాన్ని పైకి జరిపాడు, కిందికి జరిపాడు, పక్కకు తిప్పాడు. అమ్మ వెతికింది, నాన్న వెతికాడు, వార్త విని పరుగున వచ్చిన పెద్దమ్మ వెతికింది. ఏడూ యాభైకి అది ఒక బొమ్మ వెనక లేత బూడిదరంగులో దొరికింది. ఆ పేజీని స్వయంగా రూపొందించింది మేనేజరేనని దాని పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉంది.